తప్పు ఒప్పుకున్నవాణ్ణి బయటికి పంపితే లోపల మిగిలేది ఎవరు?

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల సంఘ కాపరులకు, పెద్దలకు బహిరంగ లేఖ

అయ్యగార్లకు, అమ్మగార్లకు, సంఘ పెద్దలకు వందనాలు.

ఈ ఉత్తరం ఏదో ఒక్క సంఘాన్ని ఉద్దేశించి రాస్తున్నది కాదు. పాత మిషను సంఘాలు, సహవాసాలు, ఈ మధ్య రేకుల షెడ్లలో మొదలైన స్వతంత్ర సంఘాలు, అందరికీ రాస్తున్నాను. 2022లో జిల్లాలు విడదీసినప్పుడు పాలకొండ, పార్వతీపురం వాళ్లు మన్యం జిల్లాలోకి వెళ్లారు గానీ కూటాలకి వచ్చేది, పెళ్లి సంబంధాలు కలుపుకునేది ఇప్పటికీ మనతోనే కాబట్టి వాళ్లకి కూడా. నేను పాస్టర్ని కాదు, బైబిలు కాలేజీ గడప తొక్కలేదు. సండే స్కూల్లో పిల్లలకీ, యూత్ కూడికలో కుర్రాళ్లకీ పాఠం చెప్పే మామూలు విశ్వాసిని. పాఠం అయ్యాక అందరూ వెళ్లిపోయేదాకా చెప్పుల దగ్గర తచ్చాడి, చివరికి ఎవరో ఒకరు నన్ను అడిగే ప్రశ్న ఎప్పుడూ ఒకటే: "అన్నయ్యా, నేను నిజంగా రక్షణ పొందుంటే ఇది ఇంకా నాలో ఎందుకుంది?"

"ఇది" అంటే ఏమిటో చాలామంది చెప్పరు. చెప్పనవసరం లేదు కూడా. ఒకడికి మందు, ఒకడికి రాత్రి పన్నెండు దాటాక ఫోన్లో చూసేవి, ఒకావిడకి తోడికోడలి మీద రగిలే కసి, ఇంకొకరికి నోరు తెరిస్తే వచ్చే అబద్ధం. వీళ్లు నాటకాలాడేవాళ్లు కాదు. బాప్తిస్మం తీసుకున్న రోజు ఏడ్చిన ఏడుపు నిజం, ఇంట్లోవాళ్లు తిడుతున్నా ఆదివారం మానకపోవడం నిజం. అయినా ఈ ప్రశ్న వాళ్లని తినేస్తోంది.

పుల్పిట్ మీంచి మనం ఇచ్చే జవాబు మీకు తెలుసు. "తిరిగి జన్మించినవాడు పాపం చేయడు, చేస్తున్నాడంటే జన్మించనే లేదు." అక్కడితో అయిపోతుంది, పాట అందుకుంటారు. ఆ మాట విన్నవాడు ఇంటికెళ్లి రెండిట్లో ఒకటి చేస్తాడు: నాకు రక్షణ లేదని సంఘం మానేస్తాడు, లేదా తప్పుని లోపల దాచుకుని తెల్ల చొక్కా వేసుకుని వస్తూనే ఉంటాడు. రెండోరకం వాళ్లే మనకి ఎక్కువ తయారయ్యారని నా అనుమానం.

మీరు చెప్పే వచనం ఎక్కడిదో నాకూ తెలుసు, మొదటి యోహాను మూడో అధ్యాయం తొమ్మిదో వచనం. దేవుని మూలంగా పుట్టినవాడు పాపం చేయడని అక్కడుంది. నేను దాన్ని పక్కకి నెట్టడం లేదు. కానీ అదే చేత్తో, అదే ఉత్తరంలో, యోహాను మొదటి అధ్యాయంలో ఏం రాశాడు? మనం పాపం లేనివాళ్లమని చెప్పుకుంటే మనల్ని మనమే మోసం చేసుకుంటున్నామని. "మనము" అన్నాడు, తననీ కలుపుకుని, ముసలి అపొస్తలుడు. రెండో అధ్యాయం మొదట్లోనే, ఎవడైనా పాపం చేస్తే మన తరఫున మాట్లాడేవాడు తండ్రి దగ్గర ఉన్నాడన్నాడు. విశ్వాసి పాపంలో పడే అవకాశమే లేకపోతే ఈ మాట ఎవరి కోసం రాసినట్టు? ఒకే ఉత్తరంలో రెండూ ఉన్నాయంటే మూడో అధ్యాయంలో ఆయన మాట్లాడుతున్నది పాపంతో రాజీపడిపోయి, అదే బతుకుగా బతికేవాడి గురించి. పడి, లేచి, సిగ్గుతో మళ్లీ వచ్చేవాడి గురించి కాదు. ఒక వచనం చదివి మిగతా రెండూ దాటేస్తే వాక్యం చెప్పినట్టు ఎలా అవుతుంది అయ్యగారూ?

ఇక రోమా ఏడు. "అయ్యో, నేనెంత దౌర్భాగ్యుడను?" అని పౌలు వేసిన కేక. చేయాలనుకున్న మేలు చేయలేకపోతున్నాను, వద్దనుకున్న కీడే చేస్తున్నానని ఆయన అంటుంటే మా యూత్ కుర్రాళ్లు తలెత్తి నా మొహం చూస్తారు, ఇది బైబిల్లోనే ఉందా అన్నట్టు. ఇక్కడ నేను ఒక మాట దాచకూడదు. ఆ "నేను" ఎవరన్నది పెద్దవాళ్ల మధ్య పాత తగువు. పౌలు మారకముందు సంగతి అని చెప్పే మంచి పండితులున్నారు. తొలి శతాబ్దాల సంఘ పండితుడు అగస్టీను కూడా మొదట్లో అలాగే అనుకుని, తర్వాత మనిషి తన సొంత బలంతోనే పాపం లేకుండా బతకగలడనే పెలాగియస్ వాదంతో తలపడే రోజుల్లో మనసు మార్చుకుని, ఇది కృప పొందినవాడి మాటే అన్నాడు. నాకు అగస్టీను రెండో మాటే సరిగ్గా అనిపిస్తుంది. మీలో కొందరికి అనిపించకపోవచ్చు, సరే. రోమా ఏడుని పూర్తిగా పక్కన పెట్టినా గలతీ ఐదు ఏం చేస్తారు? శరీరం ఆత్మకి విరోధంగా, ఆత్మ శరీరానికి విరోధంగా లాగుతుంటుందని పౌలు రాసింది ఆత్మను పొందిన సంఘానికే కదా. కొలొస్సయి మూడులో ఐతే ఇంకా తమాషా. మూడో వచనంలో "మీరు చనిపోయారు" అంటాడు, ఐదో వచనానికి వచ్చేసరికి మీలో ఉన్న దురాశల్ని చంపేయండి అంటాడు. చచ్చినవాళ్లకే చంపే పని అప్పజెప్పాడు. పని పూర్తయిపోయుంటే అప్పజెప్పేవాడు కాడు.

మరి తిరిగి జన్మించినప్పుడు ఏం మారింది, ఏం మారలేదు? ఇది మనం తాపీగా చెప్పడం లేదు. దేవుడి ముందు మన స్థానం మారింది, శిక్ష పోయింది, ఆయన పిల్లలమయ్యాం. లోపల కొత్త కోరిక పుట్టింది, ఇంతకుముందు అక్కర్లేనివాడు ఇప్పుడు కావాలనిపిస్తున్నాడు. ఇవన్నీ ఒక్కసారిగా జరిగిపోయాయి. కానీ నీళ్లలోంచి పైకి లేచిన ఆ మనిషి ఒంట్లో పదిహేనేళ్ల అలవాటు అలాగే ఉంది. సాయంత్రం ఐదయ్యేసరికి కాళ్లు అటే లాగుతాయి. పాత స్నేహితులు అదే వీధి చివర ఉన్నారు, అప్పులవాడు అదే గుమ్మం ముందు ఉన్నాడు, చిన్నప్పుడు నాన్న కొట్టిన దెబ్బల గుర్తు అలాగే ఉంది. ఇల్లు మన పేరున రిజిస్టరైపోయింది, పాత అద్దెకున్నోడు మాత్రం సామాను సర్దుకోనంటున్నాడు. వాడికి ఇక హక్కు లేదు, కానీ వాడు లోపలే ఉన్నాడు, ఒక్కో గదీ ఖాళీ చేయించాలి. మన పెద్దలు దీన్నే పరిశుద్ధపరచబడటం అంటారు, అది బతికున్నన్నాళ్లూ సాగేది. పౌలు అంతటివాడు కూడా ఫిలిప్పీయులకి రాస్తూ, నేనింకా సంపూర్ణుణ్ణి కాలేదు, పరుగెత్తుతున్నాను అనే అన్నాడు.

ఇంకో సంగతి. నాకు తెలిసిన ఒకాయన ఉన్నాడు. బాప్తిస్మానికి ముందు అతనికి పోరాటమే లేదు. తాగాడు, పడుకున్నాడు, హాయిగా నిద్రపట్టింది. ఇప్పుడు తాగితే నిద్రపట్టడం లేదు. రాత్రి రెండింటికి లేచి అరుగు మీద కూర్చుని, భార్యకి వినపడకుండా, "ప్రభువా" అని ఒక్క మాట అని ఆగిపోతున్నాడు, తర్వాత ఏమనాలో తెలీక. అతని భార్యే నాకీ మాట చెప్పింది. ఆ నిద్రపట్టకపోవడం ఎక్కడినుంచి వచ్చిందనుకుంటున్నారు? లోపల కొత్త ప్రాణం లేకపోతే పాతదానితో ఎవరు కొట్లాడతారు? మీరు అతనిలో రక్షణ లేదనడానికి చూపిస్తున్న రుజువే నాకు అతనిలో రక్షణ ఉందనడానికి రుజువుగా కనిపిస్తోంది.

ఈ ఉత్తరం రాయడానికి కారణమైన సంగతి ఇప్పుడు చెప్తాను. సంఘం పేరు, ఊరి పేరు చెప్పను.

ఎచ్చెర్ల వైపు తీరంలో ఒక కుర్రాడు. అక్కడివాళ్లు చాలామందిలాగే వేట కోసం గుజరాత్‌లోని వెరావల్ పోతాడు, నెలల తరబడి బోటు మీదే. రెండు సీజన్ల మధ్య ఊళ్లో ఉన్నప్పుడు నాగావళిలో బాప్తిస్మం తీసుకున్నాడు. ఆ ఆదివారమే మైకు చేతికిచ్చి సాక్ష్యం చెప్పించారు, "ఇక జన్మలో మందు ముట్టనండి" అన్నాడు, అందరూ హల్లెలూయా అన్నారు. మళ్లీ బోటెక్కాడు. ఆ బోటు మీద బతుకు ఎలా ఉంటుందో మీలో తీరంలో సేవ చేస్తున్నవాళ్లకి తెలుసు. తాగాడు. ఊరొచ్చాక ఎవరూ అడక్కుండానే, పట్టుబడకుండానే, తనంతట తానే పెద్దల దగ్గరికెళ్లి, "మానేద్దారనే అనుకున్నానండి, ఉండలేకపోతన్నానండి, నా కోసం పార్దన సెయ్యండి" అని చెప్పుకున్నాడు. తర్వాతి ఆదివారం ఆ మాట మైకులో వచ్చింది. "రక్షణ పొందానని మోసం చేసినవాళ్లు మన మధ్య ఉన్నారు" అని మొదలై పేరు దాకా వెళ్లింది. ఆ రోజు ప్రభువు బల్ల, అంటే రొట్టె, ద్రాక్షరసం పంచుకునే రోజు. రొట్టె పళ్లెం వరసలో వస్తుంటే ఆ అబ్బాయి చాప అంచు పోగులు లాగుతూ కూర్చున్నాడు. పళ్లెం పట్టుకున్న పెద్దమనిషి అతని దగ్గర ఒక్క క్షణం ఆగి, చెయ్యి పైకెత్తి, పళ్లేన్ని అతని తల మీదుగా పక్కవాడికి అందించాడు. ఆడవాళ్ల వైపునుంచి వాళ్లమ్మ చూస్తూనే ఉంది. ఆ తర్వాత ఆ కుర్రాడు రాలేదు, వాళ్లమ్మ కూడా ఎప్పుడో గానీ రావడం లేదు.

పళ్లెం దాటించిన ఆ పెద్దమనిషి కొడుకు పెళ్లికి కట్నం ఎంత పుచ్చుకున్నాడో సంఘమంతటికీ తెలుసు.

కోపంతో రాశానని తెలుసు, కానీ ఆ వాక్యం తీసేయను. ఎందుకంటే అసలు ముడి అక్కడే ఉంది. మన దగ్గర పాపాల జాబితా ఒకటుంది, చిన్నది. మందు, సిగరెట్టు, సినిమా, గుడి ప్రసాదం. ఇవి బయటికి కనపడతాయి, కనక పట్టుకోవడం తేలిక. కట్నం ఆ జాబితాలో లేదు, 1961 నుంచి చట్టం నేరమంటున్నా లేదు. నూటికి ఐదు చొప్పున వడ్డీకి తిప్పడం లేదు. ఇంట్లో భార్య మీద చెయ్యి చేసుకోవడం లేదు. పక్క సంఘం పాస్టర్ గురించి కూడికలోనే చాడీలు చెప్పడం, దానికి "ప్రార్థనాంశం" అని పేరు పెట్టడం అస్సలు లేదు. కాబట్టి జాబితాలో ఉన్నదాంతో పోరాడుతున్నవాడు పాపి అయ్యాడు, జాబితాలో లేనివి చేస్తూ ఏ పోరాటమూ లేనివాడు పెద్ద అయ్యాడు.

కులం సంగతి కూడా ఇక్కడే. పేతురు అంతియొకయలో చేసిందేమిటి? అన్యజనులతో కలిసి భోంచేస్తున్నవాడు, యెరూషలేము నుంచి మనుషులు రాగానే లేచి పక్కకి తప్పుకున్నాడు. ఏమనుకుంటారోనన్న భయం. బర్నబా లాంటివాడు కూడా ఆ వేషంలో పడిపోయాడు. ఇది పెంతెకొస్తు తర్వాత సంగతి, మూడు వేలమందిని ఒక్క ప్రసంగంతో కదిలించిన తర్వాత, ఏ మనిషినీ అపవిత్రుడనకూడదన్న దర్శనం అన్యజనుడైన కొర్నేలి ఇంట్లో అర్థమైన తర్వాత. సంఘానికి స్తంభం అనిపించుకున్న మనిషి, భోజనం బల్ల దగ్గర ఎవరి పక్కన కూర్చోవాలన్న విషయంలో జారాడు. మన ఊళ్లలో ఈ భాగం చదివితే వివరించక్కర్లేదు. 1805లో క్రాన్, డెగ్రాంజెస్ అనే మిషనరీలు విశాఖపట్నంలో దిగి తెలుగు నేర్చుకుని సువార్తల అనువాదానికి పూనుకున్నారు, ఆ తర్వాత కెనడా బాప్టిస్టు మిషనరీలు బొబ్బిలి, శ్రీకాకుళం, పాలకొండ, టెక్కలి, సోంపేట దాకా వచ్చారు. రెండువందల ఏళ్లు దాటాయి. ఇప్పటికీ సంబంధం చూసేటప్పుడు "విశ్వాసులేనా" అన్న ప్రశ్న వెనకాలే "ఏటోళ్లు" అన్న ప్రశ్న వస్తుంది. తిరిగి జన్మించినవాళ్లలో పాపం మిగిలి ఉండదని చెప్పే అయ్యగారు, తన కూతురి సంబంధం దగ్గర ఈ ప్రశ్న అడగకుండా ఉన్నారా? ఉంటే చేతులెత్తి దణ్ణం పెడతాను.

పౌలు అప్పుడేం చేశాడో చూడండి. పేతురుని అందరి ముందూ నిలదీశాడు, కానీ "నీకు రక్షణ లేదు, నువ్వు అపొస్తలుడివే కాదు" అనలేదు. సువార్త ప్రకారం నడవడం లేదన్నాడు. పేతురు నాయకుడు, చేసింది బహిరంగంగా చేశాడు, దాన్ని చూసి మిగతావాళ్లు చెడుతున్నారు, కాబట్టి బహిరంగంగా అన్నాడు. పాపంలో కొనసాగే పెద్దల్ని అందరి ముందూ గద్దించమని తిమోతికి కూడా రాశాడు. మామూలు సహోదరుడు తప్పు చేస్తే ప్రభువు చెప్పింది మత్తయి పద్దెనిమిదిలో: ముందు నువ్వూ అతనూ ఒంటరిగా ఉన్నప్పుడు. వినకపోతే ఇద్దరు ముగ్గురు. అప్పటికీ వినకపోతేనే సంఘం. ఆ కుర్రాడైతే వినకపోవడం మాట అటుంచి, తనే వచ్చి చెప్పాడు. అతని విషయంలో ఆఖరి మెట్టు ముందు ఎక్కేశారు. పెద్దవాళ్ల విషయం వచ్చేసరికి "దైవజనుణ్ణి అనకూడదు" అంటారు, ఇది వాక్యాన్ని తలకిందులు చేయడం కాదా?

"నువ్వు చెప్పేది వింటే అందరూ పాపానికి లైసెన్సు దొరికిందనుకుంటారు" అని కొందరంటారని తెలుసు. నా మొహం మీదే అన్నారు. ఆ ప్రమాదం నిజంగానే ఉంది, నేను కాదనను. "శరీరం బలహీనం బ్రదర్, కృప ఉంది కదా" అని నవ్వుతూ చెప్పేవాళ్లు మా ఊళ్లోనూ ఉన్నారు. వాళ్లకి రోమా ఏడు చదవకండి, ఆరు చదవండి. కృప ఎక్కువవ్వాలని పాపంలో ఉండిపోదామా అన్న ప్రశ్నకి పౌలు ఏం చెప్పాడో చదవండి. పోరాడేవాడికీ రాజీపడ్డవాడికీ తేడా కనిపెట్టడం అంత కష్టమేమీ కాదు. పోరాడేవాడు తనే చెప్తాడు, ఏడుస్తాడు, మళ్లీ పడతాడు, ఫోను ఇంట్లో భార్యకి ఇచ్చేస్తాడు, జీతం రోజున ఆ వీధిలోంచి రాకుండా చుట్టూ తిరిగి వస్తాడు. రాజీపడ్డవాడు పట్టుబడితే తప్ప మాట్లాడడు, మాట్లాడినా తన తప్పు గురించి కాకుండా పట్టించినవాడి తప్పు గురించి మాట్లాడతాడు.

ఇంకొక గీత కూడా గట్టిగా గీయాలి. తన తప్పు వల్ల ఇంకొకరు దెబ్బలు తింటున్నప్పుడు అది అతని ఆత్మీయ పోరాటంగా మాత్రమే చూడకండి. భార్యని కొట్టేవాణ్ణి, పిల్లల జోలికి వెళ్లేవాణ్ణి, సంఘం చీటీ డబ్బులు తిన్నవాణ్ణి మోకాళ్లేయించి ప్రార్థన చేసి, "అమ్మా, ఇక నువ్వు క్షమించాలి" అని ఆవిడ మీదకి తోసేయడం చాలా చోట్ల జరుగుతోంది. బైబిల్లో సుంకాలు వసూలు చేసే జక్కయ్య, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు తిరిగి ఇస్తానన్నాడు, ప్రార్థన చేస్తానని సరిపెట్టలేదు. పోలీసుకి చెప్పాల్సినవి పోలీసుకే చెప్పాలి. క్షమాపణ ఉంటుంది, కేసూ ఉంటుంది.

తాగుడు గురించి ఒక్క విషయం, ఇది ప్రాణం మీదకొచ్చే సంగతి కాబట్టి. ఏళ్ల తరబడి రోజూ బాగా తాగినవాడు ఒక్కసారిగా ఆపేస్తే చేతులు వణుకుతాయి, చెమటలు పడతాయి, రెండు మూడు రోజుల్లో ఫిట్స్ రావచ్చు, లేనివి కనపడటం, పిచ్చిమాటలు మాట్లాడటం కూడా జరగొచ్చు. దీన్ని మన కూటాల్లో దయ్యం వదులుతోందని చెప్పి రాత్రంతా నూనె రాసి, అరిచి, మంచినీళ్లు కూడా ఇవ్వకుండా ఉపవాసం పెట్టడం నేను చూశాను. అది ప్రాణాలు తీయగలదు. అతన్ని ఆసుపత్రికి తీసుకెళ్లండి, ప్రార్థన అక్కడ మంచం పక్కన కూర్చుని చేయండి. వ్యసనం మాన్పించడానికి ప్రభుత్వ ఉచిత నంబరు 14446 ఉంది, మానసిక సమస్యలకి టెలిమానస్ 14416 ఉంది, తెలుగులో మాట్లాడతారు. మందిరం గోడ మీద వాగ్దాన వచనం పక్కన ఈ రెండు నంబర్లు రాస్తే వచనానికి వచ్చే అవమానం ఏమీ లేదు. సోంపేటలో మిషనరీ డాక్టర్లు కళ్లకి ఆపరేషన్లు చేస్తూనే సువార్త చెప్పారు కదా, వైద్యం అవిశ్వాసం అని వాళ్లెప్పుడూ అనుకోలేదు.

"నిజమైన విశ్వాసిలో పాపం ఉండదు" అన్న బోధ అపొస్తలుల దగ్గర్నుంచీ ఉందని మీలో కొందరు అనుకుంటున్నారు. చరిత్ర చూస్తే వేరేలా ఉంది. లూథరు 1517 అక్టోబరు 31న బయటపెట్టిన తొంభై ఐదు అంశాల్లో మొట్టమొదటిదే, విశ్వాసి జీవితమంతా పశ్చాత్తాపంగా ఉండాలని ప్రభువు కోరుతున్నాడన్నది. జీవితమంతా, ఒక్క ఆదివారం కాదు. జాన్ వెస్లీ ప్రేమలో సంపూర్ణత ఈ లోకంలోనే సాధ్యమని బోధించినవాడు, మన పరిశుద్ధత కూటాల బోధకి వేర్లు చాలావరకు ఆయన దగ్గరున్నాయి. అలాంటి వెస్లీయే 1763లో, విశ్వాసుల్లో పాపం మిగిలి ఉంటుందని ఒక ప్రసంగం అచ్చేయించాల్సి వచ్చింది, ఉండదని చెప్పేవాళ్లు ఆ రోజుల్లోనూ ఉన్నారు కాబట్టి. అది విశ్వాసిలో ఉంటుంది, కానీ ఏలదు అన్నది ఆయన వాదన.

"అమేజింగ్ గ్రేస్" పాట రాసిన జాన్ న్యూటన్ సంగతి ఇంకా భయపెడుతుంది. 1748లో తుపానులో ఓడ మునిగిపోయేలా ఉన్నప్పుడు దేవుణ్ణి మొరపెట్టుకుని మారాడు, తన మారుమనస్సుకి ఆ రోజునే గుర్తుగా ఏటా తలచుకునేవాడు. ఆ తర్వాతే, 1750 నుంచి 1754 మధ్య, బానిసల్ని మోసే ఓడలకి కెప్టెనయ్యాడు. ఓడ కింది అరలో గొలుసులతో మనుషులు, పైన కెప్టెను బైబిలు చదువుకుంటున్నాడు. సముద్రం మానేసింది కూడా జబ్బు చేసి, మనస్సాక్షి పొడిచి కాదు. ఆ వ్యాపారం మీద బహిరంగంగా తన పుస్తకం రాసింది 1788లో, అంటే తుపాను తర్వాత నలభై ఏళ్లకి. ఆయన దొంగ విశ్వాసా? నేననుకోను. కానీ కళ్లెదుట ఉన్న పాపం పాపమని కనపడడానికే అన్నేళ్లు పట్టింది. చుట్టూ అందరూ చేస్తున్నది పాపంలా కనపడదు. మనకి కట్నం, కులం అలాంటివేనేమో, ఎవరైనా ఒక కాపరి కూర్చుని ఆలోచించాలి.

ఇంత దూరం వెళ్లక్కర్లేదు అనుకుంటే పక్కనే పర్లాకిమిడి ప్రాంతంలో పుట్టిన పురుషోత్తమ చౌదరిగారున్నారు. 1833లో బాప్తిస్మం, 1890లో మరణం, మధ్యలో యాభై ఏడేళ్లు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో ఆయన రాసినవి తిరగేయండి, నేను పాపిని, దయ చూడు, చెయ్యి పట్టుకో అని బతిమాలే చరణాలు ఎన్నో. ఆ పాటలు మనం ఆదివారం పొద్దున గొంతెత్తి పాడతాం. పాట అయ్యాక అదే మాట మామూలు మాటల్లో ఎవరైనా అంటే మాత్రం ఉలిక్కిపడతాం.

అయ్యగార్ల గురించి కూడా ఒక మాట, ఇది నింద కాదు. గరివిడి అవతల ఇరవై ఇళ్ల సంఘం నడుపుతూ, కానుకలతో ఇల్లు గడుపుకుంటూ, పెట్రోలు పోయించుకోవడానికి ఆలోచించే కాపరి తన పోరాటం ఎవరితో చెప్పుకుంటాడు? సంఘంలో చెప్తే వచ్చే ఇరవై ఇళ్లూ రావు. పక్క పాస్టరుకి చెప్తే తెల్లారేసరికి విజయనగరం దాకా చేరుతుంది. ఇంట్లో అమ్మగారికి చెప్తే ఆవిడే కుమిలిపోతుంది, ఆవిడ బాధ చెప్పుకోవడానికి ఆవిడకీ ఎవరూ లేరు. కాబట్టి మీరు ఎప్పుడూ గెలుస్తున్నట్టే కనపడాల్సి వస్తోంది, మేము మిమ్మల్ని అలా చూడటానికే అలవాటుపడ్డాం. ఇందులో మా తప్పు కూడా సగం ఉంది. మీ నోట్లోంచి "ఈ వారం నాకు ప్రార్థన చేయబుద్ధి కాలేదు" అన్న మాట వస్తే మేం ఏమైపోతామో అని మీరు భయపడుతున్నారు. నిజం చెప్పనా, చాలామందికి ఊపిరి పీల్చుకున్నట్టుంటుంది.

నేనడిగేవి పెద్దవేం కాదు. బాప్తిస్మం తీసుకున్న ఆదివారమే కొత్తవాళ్లకి మైకు ఇచ్చి జన్మలో చేయనని ప్రమాణాలు చేయించకండి. రోమా ఏడు, ఎనిమిది కలిపి వరసగా కొన్ని వారాలు చెప్పండి. ఏడు ఒక్కటే చెప్తే నిరాశ మిగులుతుంది, ఎనిమిదొక్కటే చెప్తే, శిక్షావిధి లేదన్న మాట ఎవరికి ఎందుకంత గొప్ప వార్తో తెలియదు. మీ పాపాలు ఒకరితో ఒకరు ఒప్పుకోమని యాకోబు చెప్పినదానికి మన సంఘాల్లో ఇప్పుడు చోటే లేదు. మగవాళ్లు మగవాళ్లతో, ఆడవాళ్లు ఆడవాళ్లతో, ఇద్దరు ముగ్గురు కూర్చుని చెప్పుకునేలా ఏర్పాటు చేయండి. చెప్పింది బయటికి పొక్కితే పొక్కించినవాణ్ణి మందలించండి, చెప్పినవాణ్ణి కాదు. నెలలో ఒక గంట చాలు. ఆల్ నైట్ ప్రేయర్లకి సౌండు సిస్టం అద్దె కట్టే సంఘానికి ఇది ఖర్చు లేని పని.

వచ్చే నెల మీ పాస్టర్స్ ఫెలోషిప్‌లో టీ, బిస్కెట్లు అయ్యాక, గుడారాల పండగ తేదీల గురించి మాట్లాడే ముందు, ఈ ఒక్క అంశం పెట్టండి: తప్పు చేసి తనంతట తాను వచ్చిన విశ్వాసి మొదట ఎవరితో మాట్లాడాలి, ఆ మాట ఎంతమంది దగ్గర ఆగిపోవాలి, అతన్ని బల్లకి దూరంగా పెట్టాలంటే ఎవరు, ఎన్ని మాటలు మాట్లాడాక నిర్ణయించాలి. మీరేం తేల్చినా కాగితం మీద రాసి ఆదివారం సంఘంలో చదవండి. నాతో ఒప్పుకోకపోయినా ఫర్వాలేదు, ఎక్కడ వాక్యానికి విరుద్ధంగా రాశానో అధ్యాయం, వచనం చూపించండి, కూర్చుని మాట్లాడుకుందాం. నేను ప్రతి ఆదివారం సండే స్కూలు అయ్యాక మందిరం వరండాలోనే ఉంటాను.

ప్రభువునందు,
ఒక సండే స్కూలు టీచరు, విజయనగరం